పాట పాటలో కలిసే చోట కత్తెర: లూకన్ నుంచి షానన్‌కి ఒక శనివారం

ఈ ప్రయాణం సరదాగా పెట్టుకున్నది కాదు, కోపంతో పెట్టుకున్నది. గురువారం మధ్యాహ్నం ఆఫీసులో అన్నం డబ్బా మూత తీస్తుండగా మా పాత కార్క్ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టరు వచ్చింది. శనివారం ఐర్లాండ్ పడమటి కొసనున్న షానన్‌లో, ఇండస్ట్రియల్ ఎస్టేట్ పక్కనున్న కమ్యూనిటీ హాల్లో, ఒకప్పటి కచేరీల రికార్డింగులు అందరూ కలిసి వినే కార్యక్రమం. టోకెన్ ఉన్నవాళ్ళకే ప్రవేశం. అడుగున చిన్న అక్షరాలతో, సాయంత్రం నాలుగింటికి అసలు టేపుల దహనం అని ఉంది. ఆ టేపులు డోనల్ అనే పెద్దాయనవి. షానన్‌లో ఆయన ఇంటి నుంచి వాటిని అట్టపెట్టెలో మోసుకెళ్ళి, కార్క్‌లో ఉన్న నా స్నేహితుడు కిరణ్ చేతిలో పెట్టింది నేనే. కంప్యూటర్‌లోకి ఎక్కించి పది రోజుల్లో తెచ్చిస్తామని మాటిచ్చిందీ నేనే. ఇచ్చి రెండేళ్ళయింది. అన్నం డబ్బా మూత మళ్ళీ పెట్టేశాను.

ఈ బ్లాగు చదివేవాళ్ళలో చాలామందికి జామ్ బ్యాండ్ అంటే తెలియకపోవచ్చు, కాబట్టి చెబుతాను. మన కచేరీలో విద్వాంసుడు రాగం ఎత్తుకుని ఎక్కడిదాకా వెళ్తాడో ఆయనకే తెలియదు చూడండి, అలా వాయించే బ్యాండ్లు ఇవి. ఒక పాట మొదలుపెట్టి, అందులోంచి పక్కకు జరిగి, పావుగంట తిరిగి, ఆపకుండానే ఇంకో పాటలోకి దిగుతారు. ఏ రాత్రీ ఇంకో రాత్రిలా ఉండదు. కార్క్‌లో పీజీ చదివే రోజుల్లో నేను, కిరణ్, రఫీ అలాంటి ఒక స్థానిక బ్యాండ్ వెనకాల పబ్బుల చుట్టూ తిరిగేవాళ్ళం. టికెట్టు కొని తిండి మానేసిన రోజులున్నాయి. అక్కడే డోనల్ పరిచయమయ్యాడు. షానన్ ఫ్రీ జోన్‌లో ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్‌గా చేసేవాడు. ప్రతి కచేరీకీ పొడవాటి స్టాండు మీద రెండు మైకులు పెట్టి రికార్డు చేసుకునేవాడు. లోకమంతా డిజిటల్‌కి మారినా ఆయన క్యాసెట్ వదల్లేదు.

అలా రికార్డు చేసేవాళ్ళకి కొన్ని నియమాలున్నాయి. మైకు దగ్గర ఎవరూ మాట్లాడకూడదు. రికార్డింగు ఎప్పుడూ అమ్మకూడదు. ఎవరైనా కాపీ అడిగితే కాదనకూడదు, ఖాళీ క్యాసెట్ తెచ్చుకుంటే చాలు. బ్యాండ్లు వీళ్ళని రానిచ్చేది ఈ నియమాల మీదే. ప్రతి క్యాసెట్‌లోనూ డోనల్ చేతిరాతతో ఒక అట్టముక్క ఉండేది, పాటల పేర్లతో. ఒక పాట ఆగకుండా ఇంకో పాటలోకి వెళ్ళిన చోట చిన్న బాణం గుర్తు వేసేవాడు. ఆ బాణాల కోసమే మేమంతా ఊళ్ళు పట్టుకు తిరిగాం.

శనివారం ఉదయం ఎనిమిదింటికి డబ్లిన్ శివారు లూకన్‌లో మా ఎస్టేట్ ముందు సి బస్సు ఎక్కాను. లీప్ కార్డు మీద రెండు యూరోలు. వారం మధ్యలో గంట పట్టే దారి శనివారం పొద్దున అరగంటలో అయిపోతుంది, నది ఒడ్డునే హ్యూస్టన్ స్టేషన్ దగ్గర దింపుతుంది. రఫీ తాలా నుంచి లువాస్ ట్రాములో వచ్చి ప్లాట్‌ఫాం మీద కాఫీతో నిలబడి ఉన్నాడు. రఫీది వరంగల్, ఎవరి మీదా కోపం నిలుపుకోలేని మనిషి. లిమరిక్ రైలు రెండు గంటల పైచిలుకు. కొన్ని రైళ్ళకి లిమరిక్ జంక్షన్‌లో మారాలి, మాదీ మారాల్సిందే. ముందుగా కొనలేదు కాబట్టి టికెట్టు ఇరవై యూరోలు దాటింది.

ఆ రికార్డింగుల్ని కిరణ్ క్రిప్టో టోకెన్లుగా, అంటే కొన్నవాడికే సొంతమయ్యే డిజిటల్ పత్రాలుగా, అమ్ముతున్నాడు. రైలు కదిలాక తెలిసింది, రఫీ కూడా అవి కొన్నాడని. ఒకటి కాదు, మూడు. నా ముఖం చూసి సర్దిచెప్పబోయాడు.

"గట్ల చూడకు లావణ్యా. కిరణ్‌గాడు దొంగతనమేం చెయ్యలే. టేపులు ఎప్పటికైనా ఖరాబైతయ్. గిదైతే ఎన్నేండ్లైనా పోదు."

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. జామ్ బ్యాండ్ల అభిమానులు క్రిప్టోలోకి ఎందుకు దూకారో నాకు మొదట్లో అర్థమైంది కూడా. రెంటిలోనూ మధ్యలో పెద్ద కంపెనీ వద్దనే మాట ఉంది, మనకి మనమే చాలనే ధీమా ఉంది. కచేరీ బయట కారు పార్కులో టీ షర్టుకి బదులు టేపు, టేపుకి బదులు సాండ్‌విచ్ మార్చుకున్న వాళ్ళే, కొన్నాళ్ళకి అవే టీ షర్టులు వేసుకుని డబ్లిన్‌లో క్రిప్టో మీటప్‌లకి వెళ్ళారు. కిరణ్ అప్పట్లో నన్నూ ఒకదానికి తీసుకెళ్ళాడు. బ్యాంకులు అక్కర్లేని లోకం గురించి గంటసేపు చెప్పినప్పుడు వాడి కళ్ళల్లో పాత కచేరీల వెలుగే కనిపించి ముచ్చటేసింది. ఎక్కడ దారి తప్పిందో నాకిప్పుడు తెలుసు. అడిగిన ప్రతివాడికీ ఇవ్వడం మొదటి దాని పద్ధతి. ఎవరికీ దొరక్కుండా చేసి విలువ పెంచడం రెండోదాని పద్ధతి. ఈ రెండూ ఒకటేనని కిరణ్ తనకి తాను చెప్పుకున్నాడు, మేము పక్కనుండి తలాడించాం.

నా ఒళ్ళు నిజంగా మండింది ఆ తర్వాత. రఫీ తన ఫోన్‌లో కొన్న పాట వినిపించాడు. కార్క్‌లో మేము ముగ్గురం ముందు వరసలో నిలబడి విన్న కచేరీ, పెట్టెలో ఏడో టేపు. గిటారు నెమ్మదిగా రాగం మార్చుకుంటోంది, డ్రమ్ము కొత్త నడక వెతుక్కుంటోంది, ఇక రెండో పాట తలుపు తెరుచుకోవాలి. అక్కడ ఠక్కున ఆగిపోయింది. ఏమైందని అడిగితే, తరవాతి పాట వేరే టోకెన్ అట, అది ఇంకెవరిదో. మధ్యలో ఆ నాలుగు నిమిషాలు మళ్ళీ ఇంకో టోకెన్, అన్నిటికంటే అరుదైనదట. అంటే డోనల్ బాణం వేసిన ప్రతిచోటా కిరణ్ కత్తెర వేశాడు. తెలియక చేశాడంటే సరిపెట్టుకునేదాన్ని. అలాంటి మలుపొకటి తప్పిపోయిందని కార్క్‌లో వానలో తడుస్తూ ఏడుపు ముఖంతో నడిచిన మనిషి వాడు. 

లిమరిక్ స్టేషన్ బయటే షానన్ బస్సు దొరుకుతుంది, ఐదారు యూరోలు, ముప్పావుగంట. ఎయిర్‌పోర్టుకి వెళ్ళేదే ఎక్కాలి, కానీ ఊళ్ళో ముందే దిగాలి. హాలు దగ్గర ఆపమని డ్రైవర్‌కి చెప్తే, పొద్దుటి నుంచీ అందరూ అదే అడుగుతున్నారు, ఏమిటి విశేషమన్నాడు. పాత టేపులు కాలుస్తున్నారని చెప్పాను. ఆయన అద్దంలోంచి ఒకసారి చూసి, వాళ్ళమ్మ దగ్గర ఇంకా క్యాసెట్ ప్లేయర్ ఉందని, కాల్చేదేదో ఆవిడకిస్తే గ్రాండ్‌గా ఉండేదని అన్నాడు. ఆ రోజు నేను విన్న మొదటి తెలివైన మాట అదే.

పన్నెండున్నరకి హాలు చేరేసరికి సన్న జల్లు పడుతోంది. గుమ్మం పక్కన స్టాండుకి ఒక టాబ్లెట్ తగిలించారు. ఫోన్‌లో టోకెన్లు దాచుకునే వాలెట్ చూపిస్తే పచ్చదీపం వెలిగి తలుపు తెరుచుకుంటుంది. ఆ టాబ్లెట్ ముందు, తడిసిన కోటుతో, చేతులు జేబులో పెట్టుకుని డోనల్ నిలబడి ఉన్నాడు. శుక్రవారం నేనే ఫోన్ చేసి రమ్మన్నాను, ఇంటి నుంచి నడిచి వచ్చాడు. ఆయనకి వాలెట్ లేదు, టోకెన్ లేదు. లోపల ఆయన మైకులతో, ఆయన కాళ్ళ నొప్పులతో రికార్డు చేసిన సంగీతం మోగుతోంది. ఎర్రదీపం చూపించి ఇది పాడైనట్టుందన్నాడు నాతో, నవ్వుతూ. రెండు చెవుల్లోనూ వినికిడి మిషన్లు కొత్తగా కనిపించాయి. కుడిచెవి దాదాపు పోయిందని, ఎడమది వెళ్ళే దారిలో ఉందని వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు. రఫీ దగ్గర మూడు టోకెన్లున్నా అవి ఒక్క మనిషినే రానిస్తాయట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

వెనక వంటింటి తలుపు తీసే ఉంది. లిమరిక్‌లో ఉండే పద్మ ఆంటీ అక్కడ పులిహోర కలుపుతోంది. రాజమండ్రి ఆవిడ, శని ఆదివారాలు వంటలు ఒప్పుకుంటుంది. పెరట్లో ఇనప పీపాలో బొగ్గులు రాజేసి, మీద జాలీ పెట్టి చికెన్ కాలుస్తోంది. డోనల్‌ని చూడగానే కుర్చీ వేసి, పళ్ళెంలో పులిహోర పెట్టి, కారం తక్కువేసిన ముక్క వెతికి ఇచ్చింది. మాకు ఎవరి అనుమతీ అక్కర్లేకుండా దొరికిన ప్రవేశం అదొక్కటే. తన వంటకి కూడా సగం టోకెన్లలో ఇస్తానన్నాడట కిరణ్. అవి గ్యాస్ సిలిండర్ వాడు తీసుకుంటాడా అని అడిగితే నవ్వేశాడట. నాలుగింటికి టేపులు కాల్చేది ఎక్కడని అడిగాను. ఆవిడ గరిటె ఆపింది. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. కార్యక్రమం కాగితంలో మాత్రం దహనం పక్కన, పెరట్లోని నిప్పులో అని రాసి ఉంది.

హాల్లో నలభై మంది దాకా ఉన్నారు, సగం మన తెలుగువాళ్ళే. డోనల్‌ని గోడపక్కన కూర్చోబెట్టాను. పెద్ద స్పీకర్లలో పాట నడుస్తోంది, దానిమీద అందరూ మాట్లాడుతున్నారు. ఏది పెరిగింది, ఏది పడింది, ఎవరు ఎప్పుడు అమ్ముకుని బతికిపోయారు. మైకు దగ్గర దగ్గితే చూపులతో చంపేసిన వాళ్ళు వీళ్ళేనా అనిపించింది. వేదిక మీద బల్లపై నేను మోసిన అట్టపెట్టె, పక్కనే కిరణ్. గుంటూరులో పుట్టి కార్క్‌లో జుట్టు పెంచుకున్న మనిషి, ఎప్పటిలా నవ్వుతూనే ఉన్నాడు. అప్పుడు పాట బాణం గుర్తు దాకా వచ్చింది, ఆగింది. రెండు క్షణాల నిశ్శబ్దం, ఇంకో పాట నడిమధ్య నుంచి మొదలు.

డోనల్ ఉలిక్కిపడి ఎడమచెవి మిషన్ మీద వేలితో తట్టాడు. ఇంకో బాణం దగ్గర మళ్ళీ అలాగే ఆగింది. ఈసారి మిషన్ తీసి, తుడిచి, పెట్టుకుని నా వైపు వంగాడు.

"నా చెవి మధ్యమధ్యలో ఆగిపోతోంది. ఇంత త్వరగా అనుకోలేదు" అన్నాడు.

మీ చెవి బాగానే ఉంది, పాటని కోశారని ఆయనకి చెప్పాల్సి వచ్చింది. బిగ్గరగా చెప్పాల్సి వచ్చింది కూడా, లేకపోతే వినిపించదు. నా జీవితంలో అంత సిగ్గుపడ్డ సందర్భం ఇంకోటి లేదు. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని వేదిక వైపు చూస్తూ కూర్చున్నాడు.

నేను వేదిక ఎక్కాను. ఏం మాట్లాడానో అంతా గుర్తులేదు, గొంతు బాగా లేచిందని రఫీ తర్వాత చెప్పాడు. పెట్టె ఎవరిదని అడిగాను, ఎవరినడిగి కోశావన్నాను, ఎవరినడిగి కాలుస్తున్నావన్నాను. కిరణ్ ముందు శాంతించు తల్లీ అన్నాడు. తర్వాత టోకెన్ ఉన్నవాళ్ళందరూ ఓటేశారని, దహనానికే మెజారిటీ వచ్చిందని, అసలుది మిగిలి ఉంటే టోకెన్‌కి అర్థమే లేదని చెప్పాడు. డోనల్‌కి ఓటుందా అన్నాను. నేను మోసం అనే మాట వాడాను. అప్పుడు వాడి నవ్వు పోయింది.

"రెండేళ్ళుగా నీకు గుర్తురాలేదుగా ఈ పెట్టె? ఒక్కసారన్నా ఫోన్ చేసి అడిగావా? నేను కూర్చుని ఒక్కో టేపూ తుడిచి ఎక్కించా. నేను పట్టించుకోకపోతే బూజు పట్టి పోయేయి. ఇప్పుడొచ్చి నామీద ఎగురుతున్నావ్."

 పిల్ల స్కూలు, ఇంటి లీజు, ఆఫీసు, ఇంకో వారం చూద్దాం అనుకుంటూ రెండేళ్ళు గడిపింది నేనే. వాడు తప్పు చేసిన మాట ఎంత నిజమో, వాడికి అంత వ్యవధి ఇచ్చింది నేనన్న మాటా అంతే నిజం. అయినా కోపం తగ్గలేదు, ఇద్దరి మీదా సమానంగా పెరిగింది.

నాలుగైంది. ఇద్దరు పెట్టె ఎత్తుకుని పెరట్లోకి నడిచారు, మిగతావాళ్ళు ఫోన్లు పైకెత్తి వెనకాల. పీపా ముందు పద్మ ఆంటీ పట్టకారుతో నిలబడి ఉంది.

"పొద్దున్నే దణ్ణం పెట్టుకుని వెలిగించిన పొయ్యండి ఇది. నలుగురు తినే నిప్పులో ప్లాస్టిక్ వెయ్యనిస్తానా? అవతల పెట్టండి ఆ పెట్టె" అంది.

ఎవరో ఇంకో చోట మంట వేద్దామన్నారు. పెరట్లో చెత్త కాల్చడం ఇక్కడ నేరమని, కౌన్సిల్‌కి కాకపోతే గార్డులకి, అదే ఇక్కడి పోలీసులకి, తానే ఫోన్ చేస్తానని ఆవిడ అంది. మళ్ళీ ఓటు పెడదామని ఇంకెవరో అన్నారు. పెట్టె తడి గచ్చు మీద, అందరి మధ్యలో ఉండిపోయింది. అప్పుడు డోనల్ నెమ్మదిగా నడిచి వచ్చాడు. పెట్టె నాదని అనలేదు, ఇవ్వండని కూడా అనలేదు. లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కాగితం విప్పని కొత్త క్యాసెట్ తీసి కిరణ్ ముందుకు చాపాడు.

"ఏడోది నాకొక కాపీ చేసిస్తావా, కిరణ్?"

కొత్తగా వచ్చినవాళ్ళకి ఇదేమిటో అర్థం కాలేదు. కార్క్ రోజుల నుంచీ ఉన్న మా అందరికీ అర్థమైంది. సొంత టేపుకి సొంతదారు కాపీ అడుగుతున్నాడు. హక్కు అడిగి ఉంటే కిరణ్ గంట వాదించేవాడు. కాపీ అడిగితే కాదనే అలవాటు మాలో ఎవరికీ లేదు, చివరికి వాడికీ లేదు. క్యాసెట్ వంక చూశాడు, ఆయన చెవుల వంక చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, వంగి, పెట్టె ఎత్తి రఫీ చేతికిచ్చాడు.

ఓటు సంగతేమిటని వెనక నుంచి ఒకతను గట్టిగానే అడిగాడు.  మేము గేటు దాటుతుంటే కిరణ్ వానలో వెనకాలే వచ్చాడు. నాతో కాదు, డోనల్‌తో చాలా చిన్నగా ఏదో అన్నాడు. ఆయనకి వినిపించక రెండుసార్లు చెప్పించుకున్నాడు. తలాడించి భుజం తట్టాడు.

డోనల్ ఇల్లు అక్కడికి పదిహేను నిమిషాల నడక. ముందుగదిలో రెండు క్యాసెట్ డెక్‌లు దుమ్ము లేకుండా ఉన్నాయి. టేపులన్నీ బల్ల మీద పరిచి, అట్టముక్కలు చూసుకుని, అరవై రెండూ ఉన్నాయని చెప్పి టీ పెట్టాడు. తర్వాత ఏడోదాన్ని ఒక డెక్‌లో, ఆ కొత్త క్యాసెట్‌ని రెండోదాంట్లో వేశాడు. అట్టముక్క మీద పాటల పేర్లు ఎత్తిరాసి, బాణాలు వేసి, పైన కిరణ్ అని రాశాడు. నేను ఉండబట్టలేక అడిగాను, వాడికెందుకని.

"అడిగాడు కదా. వాడి దగ్గర ముక్కలే ఉన్నాయట, మొత్తం ఉంచుకోలేదట" అన్నాడు డోనల్.

క్యాసెట్ కాపీ చేయాలంటే కచేరీ ఎంతసేపో అంతసేపూ పడుతుంది, దానికి దగ్గరిదారి లేదు. తొంభై నిమిషాలు ముగ్గురం కదలకుండా కూర్చున్నాం. ఇక్కడ మైకు లేకపోయినా ఎవరూ మాట్లాడలేదు. బాణం గుర్తు దగ్గర గిటారు ఆగకుండా మలుపు తిరిగి రెండో పాటలోకి దిగింది. డోనల్ స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. కోపం అప్పటికీ పోలేదు, ఈ తొంభై నిమిషాలూ ఎవరికోసమో తలుచుకుంటే ఇంకా పెరిగింది. రైలు తప్పిపోయింది. బస్సులో లిమరిక్ వచ్చి డబ్లిన్ కోచ్ ఎక్కాం, అది ఇంకో పాతిక యూరోలు.

ఇది జరిగి ఇవాళ్టికి పదకొండు రోజులు. కిరణ్‌కి ఇమ్మని డోనల్ నా చేతికిచ్చిన ఆ క్యాసెట్ ఇంకా నా ఆఫీసు బ్యాగులోనే ఉంది. ఇవ్వబుద్ధి కావడం లేదు. వాడు క్షమాపణ చెప్పాక ఇద్దామని, ఆ టోకెన్లన్నీ తీసేశాక ఇద్దామని, రోజుకో షరతు తోస్తోంది. నిన్న బ్యాగులో ఇంటి తాళాలు వెతుక్కుంటుంటే చేతికి తగిలింది. ఎవరిదో వస్తువు, నా దగ్గర పెట్టుకుని, ఎవరికి తగునో ఎవరికి తగదోనని నేను లెక్కలేస్తున్నాను. కిరణ్ చేసింది ఇదే కదా, ఇంతకన్నా పెద్ద పెట్టెతో. వాడి మీద కోపం న్యాయమైనదే, దాన్ని వదులుకోను. క్యాసెట్ మాత్రం వదులుకోవాలి. ఇందాకే కార్క్ రైలుకి టికెట్టు కొన్నాను, ఈ శనివారం పొద్దున ఏడింటిది.

మీరు ఇలాంటి ప్రయాణాలు పెట్టుకుంటే ఒక్క సలహా. రైలు టికెట్లు ఆన్‌లైన్‌లో ముందుగా కొంటే చాలా తక్కువకి వస్తాయి. ఎవరి ఇంటి నుంచైనా వస్తువు తెచ్చుకుంటే, తిరిగి ఇవ్వడానికి వెళ్ళే టికెట్టు కూడా ఆ రోజే కొనేయండి.